మెమరీ చాలక మధ్యలో ఆగిన లెక్క

రాత్రి మొదలుపెట్టిన సిమ్యులేషన్ తెల్లవారేసరికి ఆగిపోయి ఉంది. టెర్మినల్‌లో ‘కిల్డ్’ అన్న ఒక్క మాట తప్ప మరే వివరమూ లేదు. ప్రోగ్రామ్‌లోనే తప్పుందనుకుని గంటసేపు కోడ్ తిరగేశాను గానీ, ముందుగా చూడవలసింది కెర్నెల్ లాగ్ (ఆపరేటింగ్ సిస్టమ్ తన పనులను నమోదు చేసుకునే చిట్టా). మెమరీ నిండిపోవడంతో లినక్స్ తనంతట తానే ఆ ప్రాసెస్‌ను ఆపేసిందని అందులో స్పష్టంగా ఉంది.

లెక్క వేసి చూస్తే ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. నా సిమ్యులేషన్ వాడే, 60,000 అడ్డు వరుసలు, అన్నే నిలువు వరుసలు ఉన్న మాత్రికకు, ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున 28.8 గిగాబైట్లు కావాలి. నా యంత్రంలో ఉన్నవి 32. పైగా సమీకరణాలను సాధించే సాల్వర్ ఆ మాత్రికకు ఒక నకలు తీసుకుంటుంది.

వెంటనే, మెమరీ చాలనప్పుడు డిస్కును మెమరీలా వాడుకునే స్వాప్ ఫైల్‌ను 64 గిగాబైట్లతో చేర్చాను. ప్రోగ్రామ్ ఆగలేదు, అలాగని ముందుకూ సాగలేదు. మెమరీ, ప్రాసెసర్ వాడకాన్ని చూపే వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో స్వాప్ రాకపోకలను చూపే రెండు నిలువు వరుసలూ సున్నాకు దిగకపోవడం, ప్రాసెసర్ డిస్కు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉండడం గమనించాక, స్వాప్ అప్పుడప్పుడూ తాకే డేటాకే తప్ప నిరంతరం తిరగేసే మాత్రికకు పనికిరాదని అర్థమైంది.

నాకు మూడో దశాంశం వరకు కచ్చితత్వం చాలు కాబట్టి, ఒక్కో సంఖ్యకు 4 బైట్లే వాడే సింగిల్ ప్రెసిషన్‌కు మారి మాత్రికను 14.4 గిగాబైట్లకు తగ్గించి, నకలు తీయకుండా ఉన్నచోటనే మార్చమని సాల్వర్‌కు చెప్పాను. ఆ రాత్రి స్వాప్ జోలికి పోకుండానే లెక్క పూర్తయింది.