ఇంకు మరక, తెల్ల బూటు, పన్నెండింటి గంట

కాన్వెంటు అంటే అసలు అర్థం సిస్టర్లు ఉండే మఠం. మన దగ్గర మాత్రం ఇంగ్లీషు మీడియం బోర్డు పెట్టిన ప్రతి అద్దె డాబాకీ అదే పేరైపోయింది. ఈ ముచ్చట్లు అసలు సిసలు క్యాథలిక్ బడులవి. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసఫ్ కేథడ్రల్ చర్చి పక్కన 1855 నాటి ఆల్ సెయింట్స్ బడి, కూతవేటు దూరంలో 1904 నాటి రోజరీ కాన్వెంటు, ఆ కోవలోవన్నమాట. ఎనభైల్లోనో తొంభైల్లోనో ఇలాంటి బడుల్లో చదివినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ముందు ఇంకు మీదికే పోతుంది.

మూడో నాలుగో తరగతి దాకా పెన్సిలు, తర్వాత ఇంకు పెన్ను. బాల్ పెన్ను కనిపిస్తే రాత పాడవుతుందని లాక్కునేవారు. చెల్‌పార్క్, కామెల్, బ్రిల్ సీసాల్లో రాయల్ బ్లూ కొనుక్కోవాలి. బ్లూబ్లాక్ జోలికి పోతే చొక్కా జేబు మీద మరక ఏడాదంతా ఉంటుంది, రాయల్ బ్లూ అయితే రెండు ఉతుకుల్లో చాలావరకు పోతుంది. ఎర్ర ఇంకు టీచర్ల సొత్తు.

పెన్ను కక్కడం అందరికీ తెలిసిన బాధే గానీ, నిండుగా ఉన్నప్పుడు బుద్ధిగా రాసే పెన్ను సగం అయ్యాకే ఎందుకు కక్కుతుందో చాలామంది పట్టించుకోలేదు. ఇంకు దిగిన మేరకు గొట్టంలోకి గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి, కింద మిగిలిన ఇంకుని పాళీలోంచి బయటికి నెడుతుంది. కాబట్టి ఇంకు సగానికి రాకముందే ఫిల్లర్‌తో మళ్లీ నింపుకోవాలి. మర దగ్గర కారుతుంటే అది వేరే జబ్బు. మరచుట్లకి కొవ్వొత్తి మైనం పలచగా రుద్ది బిగిస్తే ఆగుతుంది. సబ్బు రుద్దేవాళ్లూ ఉండేవారు. అది ఇంకులో కరిగి అక్షరాలు కాగితం మీద పాకేలా చేస్తుంది, మైనమే మేలు. వేసవి సెలవుల్లో ఇంకు ఎండిపోయిన పెన్నుని పాళీ, దానికి కింది నుంచి ఇంకు అందించే నాలుక విడదీసి మామూలు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. వేణ్నీళ్లు పోస్తే ప్లాస్టిక్ నాలుక వంకరపోయి ఇక పాళీకి అతుక్కోదు. పెన్ను ముక్కు నేలకి తగిలేలా పడిందా, ఆ పాళీకి నీళ్లొదులుకోవడమే.

ఇంకు అప్పు దొరికేది, పెన్ను అప్పు దొరికేది కాదు. పక్కవాడి గొట్టంలోంచి చుక్కలు లెక్కపెట్టి పోసేవారు. పుస్తకం మీద బొట్టు పడితే సుద్దముక్కని అడ్డంగా దొర్లించాలి, రుద్దకూడదు. రుద్దితే పేజీ చిరుగుతుంది, చినిగిన పేజీకి తిట్లు వేరు.

ఆ ఇంకుతో రాసేది నాలుగు గీతల కాపీలో కర్సివ్. పైనా కిందా ఎర్రగీతలు, మధ్యలో రెండు నీలం గీతలు. ఏ, సీ, ఎం వంటివి నీలం గీతల మధ్యనే ఒదగాలి, ఎల్, హెచ్ పైగీతని తాకాలి, జీ, వై కిందికి దిగాలి. చిన్న ఎఫ్ ఒక్కటే నాలుగు గీతలనీ ఏలేది. అందరూ తప్పేది ఒకే చోట. ఓ, బీ, వీ, డబ్ల్యూ ఈ నాలుగూ పైన ముగుస్తాయి, వాటి పక్క అక్షరం పైనుంచే అందుకోవాలి. అలవాటు కొద్దీ కిందికి లాగితే ఓ కాస్తా ఏ అయి కూర్చుంటుంది. టీ అడ్డగీత, ఐ చుక్క మాట మొత్తం రాశాకే పెట్టాలి, మధ్యలో పెన్ను లేపితే వాలు చెడుతుంది.

శనివారం పీటీ, తెల్ల బట్టలు, తెల్ల కాన్వాస్ బూట్లు. ఈ బూట్ల పని శుక్రవారం సాయంత్రమే మొదలవ్వాలి, రాత్రికి నెడితే తెల్లారేసరికి ఆరవు. ముందు లేసులు ఊడదీసి విడిగా ఉతకాలి. బూటుని సబ్బూ బ్రష్షూతో తోమి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. సబ్బు మిగిలిపోతే ఆరాక పసుపు చారలు తేలతాయి. తడి బూటుకి తెల్లకాగితం అంటించి నీడలో ఆరేస్తే ఆ పసుపు కాగితానికి దిగుతుంది. కొంచెం చెమ్మ ఉండగానే పాలిష్ పూయాలి, పొడి గుడ్డ మీద అది మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది. పలచగా రెండు పూతలు చాలు. మందంగా ఒకేసారి పూస్తే వేళ్ల దగ్గర మడతపడే చోట పగిలి పొడి రాలుతుంది. అన్నీ మర్చిపోయిన శనివారాలకి సుద్దముక్క ఉండనే ఉంది, అసెంబ్లీ గట్టెక్కించేది. జూలై వానలో తడిస్తే మాత్రం అంతా కరిగి మేజోళ్లలోకి తెల్లనీళ్లు దిగేవి.

ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే తమ మతపాఠానికి వెళ్తే మిగతావాళ్లకి ఆ పీరియడ్ మోరల్ సైన్స్. ఆ పుస్తకం ఎవరికీ గుర్తుండదు. గుర్తుండేది పన్నెండింటి గంట. మూడు మూడు చొప్పున మూడుసార్లు, కాస్త ఆగి వరసగా తొమ్మిది. అది ఏంజెలస్ ప్రార్థనకి పిలుపు, తెలుగు క్యాథలిక్కుల మాటలో త్రికాల ప్రార్థన. లెక్క మధ్యలో ఉన్నా పెన్ను మూత పెట్టి లేచి నిలబడాల్సిందే. మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం అందులో మూడుసార్లు వస్తుంది. రోజూ వినీ వినీ హిందూ పిల్లలకీ ముస్లిం పిల్లలకీ అది నోటికి వచ్చేసేది, ఇంగ్లీషు మాటలకి అర్థం తెలియని ఒకటో తరగతి వాళ్లతో సహా. వాళ్ల నోట్లో సగం మాటలు వేరేవి అయిపోయేవి, రాగం మాత్రం తప్పేది కాదు. ఆ వరస తొమ్మిదిలో ఆఖరి గంట మోగగానే డెస్కుల మూతలు ఒక్కసారిగా లేచేవి, టిఫిన్ బాక్సుల్లోంచి ఆవకాయ వాసన వచ్చేది.