సియోల్‌లో ఒంటరి విందు

సియోల్‌లో ఒంటరిగా తిరిగేవాడిని మనుషులు ఏమీ అనరు, మెనూ కార్డులే అంటాయి. బల్ల మీదే మాంసం కాల్చుకు తినే హోటళ్లలో చాలాచోట్ల కనీసం ఇద్దరికి సరిపడా ఆర్డరివ్వాలి. నేను కూర్చోగానే యజమానురాలు నా వెనక తలుపు వైపు చూసింది, రావలసిన మనిషి ఎక్కడా అన్నట్టు. నేను ఒక వేలు చూపించాను. ఆవిడ రెండు వేళ్లు చూపించింది. పెళ్లి సంబంధాలు చూసే మా పెద్దమ్మ కూడా నన్నెప్పుడూ ఇంత సూటిగా నిలదీయలేదు. చేసేదేముంది, ఇద్దరి వాటా నేనే తిన్నాను.

ప్రేమికులకు ఇక్కడ పంచాంగమే వేరు. పరిచయం ప్రేమగా మారిన రోజు నుంచి లెక్క మొదలుపెట్టి నూరో రోజును పండగలా జరుపుకుంటారు. ఫిబ్రవరి 14న అమ్మాయిలు చాక్లెట్లు ఇస్తారు, మార్చి 14న అబ్బాయిలు బదులు తీర్చుకుంటారు. రెండు రోజులూ చేతికేమీ రానివాళ్లు ఏప్రిల్ 14న నల్లటి సోయా ముద్దతో కలిపిన జజాంగ్‌మ్యన్ నూడుల్స్ తిని ఊరట పొందాలి. సరిగ్గా ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. తీరా వెళ్తే హోటల్లో సగం బల్లల దగ్గర జంటలే! కనీసం ఈ పూటైనా మాకు వదిలేయకూడదా?

నమ్‌సాన్ కొండ మీది టవర్ దగ్గర కంచెలకు ప్రేమికులు తాళాలు వేసిపోతారు. రంగురంగుల తాళాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి కంచె కనిపించదు. ఊళ్లోనే డొక్సుగుంగ్ రాజభవనం పక్కన రాతిగోడ వెంబడి చక్కని దారి ఉంది. అక్కడ కలిసి నడిచిన జంట విడిపోతుందని ఒక నమ్మకం. ఒకప్పుడు కుటుంబ న్యాయస్థానం అటువైపే ఉండేదని, విడాకులకు వెళ్లేవాళ్లు ఆ దారినే నడిచేవారని చెబుతారు. నేను నిర్భయంగా, రెండుసార్లు నడిచాను.

కడుపు నిండా తిన్నది మాత్రం 1905లో మొదలైన గ్వాంగ్‌జాంగ్ మార్కెట్లో. నానిన పెసరపప్పు తిరగలి రాళ్ల మధ్య నలిగి ముద్దగా జారుతుంటే, మొలకలు, పచ్చళ్లు కలిపి నూనెలో మునిగేలా మందంగా వేయిస్తారు. మన పెసరట్టు చూస్తే ఇంత నూనె ఏమిటని చీవాట్లు పెడుతుంది గానీ, అంచు కరకర, లోపల మెత్తదనం అద్భుతం. బెంచీ మీద పక్కనున్న పెద్దాయన సోజు అనే కొరియా మద్యం పోశాడు. పెద్దలు పోస్తే గ్లాసు రెండు చేతులతో అందుకుని, ముఖం పక్కకు తిప్పి తాగాలి. అలాగే తాగాను. ఆయన సంతోషించి మళ్లీ పోశాడు. మర్యాదకు ఇంత శిక్షా!

తర్వాత కుర్రకారు అడ్డా హాంగ్‌డే. వీధి గాయకుల చుట్టూ జనం, నేలమాళిగల్లో క్లబ్బులు. ఒక క్లబ్బు గుమ్మంలో కుర్రాడు నా పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం చూసి, వంగి నమస్కరించి, ఎంతో గౌరవంగా వెనక్కి పంపేశాడు. అప్పటికే చివరి మెట్రో వెళ్లిపోయింది. టాక్సీ డ్రైవరు ఫోనులోని అనువాదం సాయంతో ముందు నా వయసు, ఆ తర్వాత పెళ్లి సంగతి, చివరికి హోటల్ పేరు అడిగాడు. పెళ్లి కాలేదంటే దారి పొడవునా జాలిపడ్డాడు. రాత్రి పదకొండు నుంచి రెండు దాకా పడే 40 శాతం అదనపు చార్జీని మాత్రం మీటరు ఏ జాలీ లేకుండా వేసుకుంది.