‘గెట్’ నాకు దొరికిన వైనం

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఫోనులో అవతలాయన "ఐ డిడ్ నాట్ గెట్ యూ" అన్నాడు. గెట్ అంటే పొందడం, దొరకడం అని బళ్ళో బట్టీపట్టిన బుర్ర నాది. నేను దొరకలేదంటున్నాడు కాబోలనుకుని, "నా సీట్లోనే ఉన్నాను సార్" అని నా ఇంగ్లీషులో చెప్పాను. కాసేపు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను చెప్పింది అర్థం కాలేదని ఆయన అంటే నేనిచ్చిన జవాబు అది!

ఆ రాత్రే నిఘంటువు తెరిచాను. ఆ ఒక్క క్రియకే కాలమ్‌లకు కాలమ్‌లు. అర్థాలన్నీ వరసగా రాసుకుని వల్లెవేశాను. నాలుగు రోజులు తిరిగేసరికి గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ అలాంగ్ అన్నీ కలగాపులగం. తోక మారిస్తే అర్థం మార్చేసే ఈ మాటకు తల ఎక్కడుందో చూద్దామని వ్యుత్పత్తి వెతికాను.

తీరా చూస్తే ఇది ఇంగ్లీషుకు అరువు సొత్తు. ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా వాళ్ళ భాషలోని ‘గెటా’ నుంచి వచ్చి, 1200 ప్రాంతం నుంచి ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తోంది. పాత ఇంగ్లీషులో దీని తోబుట్టువు ఉన్నా, ముందొక ఉపసర్గ తగిలించుకునే తిరిగేది. ఫర్‌గెట్ అలా మిగిలినదే: పట్టు జారితే మరపు. ఇంకా వెనక్కి వెళ్తే ఈ కుటుంబానికి మూలార్థం పట్టుకోవడం. అదే మూలం లాటిన్‌లో ‘ప్రెహెండెరె’ అయింది, దాన్నుంచి అర్థం చేసుకోవడమనే కాంప్రిహెండ్ పుట్టింది. మరి గెట్‌కు అర్థం చేసుకోవడం అనే అర్థం ఉంటే వింతేముంది? మనం వాడే ‘గ్రహించు’ కూడా అసలు పట్టుకోవడమే కదా.

ఇంతవరకూ బాగానే ఉంది. గెట్ కాట్, గెట్ యూజ్డ్ టు, గెట్ స్కేర్డ్ మాత్రం లొంగలేదు. వీటిలో పట్టుకోవడమూ లేదు, పొందడమూ లేదు. చాలా రోజులు కొట్టుకున్నాక తట్టింది, వీటిని తెలుగులో చెప్పి చూస్తే సరి: పట్టుబడ్డాడు, అలవాటుపడ్డాడు, భయపడ్డాడు. ఇందులో ఎవడు ఎక్కడ కిందపడ్డాడని? ఒక స్థితిలోంచి మరో స్థితిలోకి వచ్చాడు, అంతే. మన ‘పడు’ చేసే చాకిరీలో సగం అక్కడ గెట్ చేస్తోంది. ‘పడు’ కోసం నేనేనాడూ జాబితా రాసుకోలేదు.

జాబితా చించేశాను. కనిపించిన ప్రతి వాక్యం పక్కనా పట్టు, దొరుకు, పడు, చేరు – వీటిలో ఏది అతుకుతుందో రాస్తూ పోయాను. గెట్ హోమ్ అంటే ఇంటికి చేరడం. అమెరికా వాళ్ళు గెట్‌కు వాడే గాటెన్ అనే రూపం తప్పేమో అనుకునేవాణ్ణి, కాదు. వాళ్ళకు హావ్ గాట్ అంటే దగ్గర ఉండటం, హావ్ గాటెన్ అంటే సంపాదించడం.

చివరిదాకా మొరాయించింది గెట్ అవే విత్. తప్పు చేసి తప్పించుకున్నవాడి గురించి అనేమాట. దానికి మన వాడుకలో సరిగ్గా అతికింది ఏమిటనుకున్నారు? ‘దొరకలేదు’!