జ్వాల దారిలో నా చెవి మిషన్లు

కార్తీకమాసంలో అహోబిలం వెళ్లొచ్చాం. తమ్ముడు, మేనకోడలు, నేను. ఎగువ అహోబిలం గుడి నుంచి భవనాశిని వాగు వెంబడి జ్వాలా నరసింహస్వామి గుడి దాకా నడక. నాకు ఏడేళ్లుగా రెండు చెవులకూ మిషన్లే. బయల్దేరే ముందు అమ్మ ఎప్పటిలాగే, "అంత ఖరీదైనవి, ఇంట్లో పెట్టి వెళ్లవే" అంది. నేనొప్పుకోలేదు. ఇంట్లో కంటే అడవిలోనే నాకు వాటి అవసరం ఎక్కువ.

నిరుడు తలకోనలో జరిగింది నేను మర్చిపోలేదు. నావి చెవి వెనక పెట్టుకునే రకం. జుట్టులోంచి కారే చెమట నేరుగా వాటి మీదికే వస్తుంది. సగం దారిలో కుడి మిషన్ ఆగిపోయింది. తమ్ముడు "అక్కా, ఇటు!" అని అరిచాడు. మాట స్పష్టంగా వినిపించింది. కానీ నేను తిరిగింది వాడికి పూర్తిగా అవతలి వైపుకి. శబ్దం ఏ చెవికి ముందు చేరింది, ఏ చెవికి గట్టిగా చేరింది అన్న తేడాని బట్టే మెదడు దిక్కు పోల్చుకుంటుంది. ఒక్క చెవితో మాట అందుతుంది గానీ మనిషి ఎక్కడున్నాడో తెలియదు. రాళ్ల దారిలో అది నిజంగా భయం.

అందుకే ఈసారి నుదుటికి పల్చటి నూలు పట్టీ కట్టుకున్నాను. టోపీ పెట్టుకుంటే అంచు తగిలి మిషన్ కుయ్‌మని ఈల వేస్తుంది, పట్టీతో ఆ బాధ లేదు. బ్యాటరీలు కొత్తవి వేశాను, గోధుమరంగు స్టిక్కర్ ఉండే 312 సైజువి. ఇవి గాలి తగిలితేనే పనిచేస్తాయి, కాబట్టి స్టిక్కర్ తీసి ఒకటి రెండు నిమిషాలు ఆగి వేయాలి. చెమటకి గాలి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోయినా బ్యాటరీ ఆగిపోతుంది. ఇంకో జత నడుము సంచిలో పెట్టుకున్నాను.

వాగు పక్కన మాత్రం వేరే కష్టం. చుట్టూ నీళ్ల హోరు ఉంటే నా మిషన్లు ఎదుటి మాటకే ప్రాధాన్యమిస్తాయి. వెనక నుంచి పిలిస్తే హోరులో కలిసిపోతుంది. అందుకే మేనకోడల్ని ముందు నడవమన్నాను. ఏదైనా చెప్పాలంటే ఆగి, నా వైపు తిరిగి చెప్పాలి. వెనక నడిచే తమ్ముడికి ఒకటే గుర్తు: ఆగమనాలంటే తన కర్రతో నా కర్రని రెండుసార్లు తట్టాలి. ఆ దెబ్బ చెవికి అందకపోయినా చేతికి తెలుస్తుంది.

జ్వాల గుడికి ముందు, కొండ పైనుంచి పడే నీళ్ల కింద నుంచే వెళ్లాలి. అక్కడ రెండూ తీసేశాను. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల పక్కన పెట్టి, మూత బిగించి, కవర్లో చుట్టి సంచిలో దాచాను. అంతవరకూ తల నిండా ఉన్న హోరు ఒక్కసారిగా దూరంగా వెళ్లిపోయింది. నీళ్లు భుజాల మీద పడుతున్నాయి, కర్రలో సన్నటి అదురు. మేనకోడలు నా మొహం ముందుకొచ్చి నెమ్మదిగా పెదాలు కదిపింది: "అత్తా, కింద జారుతుంది." చేయి పట్టుకుని దాటించింది. నాకు టెన్షన్ అనిపించలేదు. ఎవరు ఎక్కడున్నారో నాకు తెలుసు.

గుడి దగ్గర కూర్చుని తువ్వాలుతో జుట్టు, చెవుల వెనక మడతలు పూర్తిగా ఆరేదాకా తుడుచుకున్నాను. ఎంత తొందరున్నా తడి చెవికి మాత్రం పెట్టను. ఐదు నిమిషాలాగి కుడిది, తర్వాత ఎడమది పెట్టుకున్నాను. చిన్న రాగం మోగి రెండూ పలికాయి. మొదట వినిపించింది మేనకోడలి చున్నీ కొసనుంచి బండ మీద పడుతున్న చుక్కలు. టప్... టప్... తర్వాత ఎడమవైపు నుంచి తమ్ముడు, "అక్కా, నీ కర్ర ఇక్కడే వదిలేశావు" అన్నాడు.

నేను ఎడమకే తిరిగాను.