రోజుకి ఏడు వేలు

మంగళవారం. విశాఖ ఎంవీపీ కాలనీ. పొద్దున్నే ఉక్కపోత.

రైతు బజార్లో ఆనపకాయ ఏరుతుంటే హైదరాబాద్ నుంచి రిక్రూటర్ ఫోన్. ఆర్నెల్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్టు, ఇంటి నుంచే పని. "మేడమ్, కరెంట్ సీటీసీ ఎంత?" సీటీసీ అంటే కంపెనీ ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. కాంట్రాక్టర్‌కి సీటీసీ ఏమిటండీ అన్నాను. "పోనీ, ఎక్స్‌పెక్టేషన్?" మీ బడ్జెట్ చెప్పండి అన్నాను. మొదటి కాంట్రాక్టప్పుడు అంకె నేనే ముందు చెప్పేశాను. అవతలి మనిషి ఊపిరి కూడా తీసుకోకుండా "ఓకే మేడమ్" అన్నాడు. ఆ ఓకే ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

నెలకి 1,20,000 అన్నాడు. క్లయింట్ ఇంతకు మించి పైసా ఇవ్వడట.

ఇంటికొచ్చి కరెంటు బిల్లు వెనక లెక్కేశాను. ఏడాదిలో శని, ఆదివారాలు పోతే 261 రోజులు. పండగలూ జ్వరాలూ ఓ ఇరవై. నిరుడు రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీ ఆరు వారాలు. మిగిలేది 210 రోజులు. నెలకి 22 పనిదినాల లెక్కన రోజుకి 5,454. ఏడాదికి పదకొండున్నర లక్షల లోపే. అంటే నెలకి 95 వేలు. పీఎఫ్ లేదు, ఇన్సూరెన్స్ మనదే, ల్యాప్‌టాప్ మనదే. పైగా పది శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసుకునే ఆదాయప్పన్ను, పట్టుకుంటారు, రిటర్న్ వేస్తే గానీ ఆ సంగతి తేలదు.

పదకొండింటికి బెంగళూరు నుంచి ఇంకో అమ్మాయి. అదే ఉద్యోగం. రిక్వైర్‌మెంట్‌లో "ఇమీడియట్" అన్నచోట అక్షరం ఎగిరిపోయిన తప్పు కూడా అదే. ఈమె మాత్రం లక్షన్నర అంది. మధ్యలో ఎవరి వాటా ఎంతో తెలిసిపోయింది. ఇద్దరికీ ఊఁ అంటే ఒకే రెజ్యూమే రెండు దారుల్లో వెళ్తుంది, క్లయింట్ రెండూ పక్కన పడేస్తాడు. అందుకే, నా రెజ్యూమే మీరే పంపండి అని ఒప్పుకునే కన్ఫర్మేషన్ మెయిల్ ఎవరికీ పెట్టలేదు.

మొదటతనికి నేనే చేశాను. నెల లెక్క వద్దు, రోజుకి 7,500 అన్నాను. నిశ్శబ్దం. ఇక్కడే ఎప్పుడూ నోరు జారుతుంది, "పోనీ కొంచెం తగ్గిస్తాను" అని. ఈసారి పళ్లు బిగబట్టి కూర్చున్నాను. కుక్కర్ రెండు కూతలు కూసింది. "ఏటే, ఫోనెట్టేసినారా?" అంది అమ్మ వంటింట్లోంచి.

క్లయింట్‌తో మాట్లాడి చెప్తానన్నాడు. నాలుగు నిమిషాల్లో మళ్లీ ఫోన్, 6,800కి ఒప్పించాడట. క్లయింట్ ఉండేది అమెరికాలో. అక్కడ అప్పుడు అర్ధరాత్రి దాటింది! నవ్వాపుకుని 7,000 దగ్గర ఆగాను.

సాయంత్రం మెయిల్ వచ్చింది. రేటు సరిగ్గానే ఉంది. కింద చిన్న అక్షరాల్లో మాత్రం ఇన్‌వాయిస్ ఇచ్చిన 60 రోజులకి చెల్లింపు. నాకు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ ఉంది, చిన్న వ్యాపారాల కోసం చేసిన 2006 నాటి చట్టం ప్రకారం చెల్లింపు 45 రోజులు దాటకూడదు. మర్యాదగానే ఆ మాట రాసి, 30 చెయ్యమని అడిగాను.

పది దాటింది, జవాబు లేదు. బెంగళూరు అమ్మాయివి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. కన్ఫర్మేషన్ మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది.