తాళం ఒక్క తలుపుకే వేశాను

మా బాబాయి విత్తనాల షాపుకి స్టాక్ చూసుకునే వెబ్‌సైట్ ఒకటి చేసి పెట్టాను. చిన్న ఉబుంటు సర్వర్, దానిమీద పేజీలు అందించే సాఫ్ట్‌వేర్ అపాచీ 2.4. ధరలు అందరూ చూడొచ్చు, లెక్కల పేజీ మాత్రం షాపు ఇంటర్నెట్ నుంచే తెరుచుకోవాలి. అక్కడ స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) ఉంది కాబట్టి అపాచీ సెట్టింగుల ఫైల్లో ఆ పేజీ లొకేషన్ బ్లాక్‌లో, ఆ చిరునామా నుంచి వచ్చినవాళ్ళనే వదిలే ‘రిక్వైర్ ఐపీ’ లైను ఒకటి రాసి, సర్వర్ రీలోడ్ చేసి, "ఇక బయటివాళ్ళు చూడలేరు బాబాయ్" అని ఫోన్ చేసి చెప్పాను. బయటి నుంచి తెరిచి మాత్రం చూడలేదు.

ఆదివారం ఏదో పెళ్ళిలోంచి ఫోన్ చేశాడు. "తాళం వేశానన్నావు కదరా, నా సెల్లో శుభ్రంగా తెరుచుకుంటోంది!"

రెండు గంటలు బ్రౌజర్ క్యాష్‌ని అనుమానిస్తూ కూర్చున్నాను. చివరికి ఏ సైటు ఏ ఫైల్లో ఉందో చూద్దామని ‘అపాచీ2సీటీఎల్’ కమాండు పక్కన పెద్ద ‘ఎస్’ ఆప్షన్ పెట్టి కొడితే విషయం బయటపడింది. నా సైటుకి సెట్టింగుల ఫైళ్ళు రెండున్నాయి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తీసుకున్న రోజున, దాన్ని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ ప్రోగ్రాం నా పోర్ట్ 80 (మామూలు హెచ్‌టీటీపీ తలుపు) ఫైలుకి నకలు తీసి, పేరు చివర ‘ఎల్‌ఈ-ఎస్‌ఎస్‌ఎల్’ అని తగిలించి, 443 (హెచ్‌టీటీపీఎస్ తలుపు) కోసం వేరే ఫైలు తయారు చేసింది. ఆ తర్వాత నేను పాత ఫైల్లో ఏం రాసినా కొత్తదానికి తెలియదు. పైగా 80కి వచ్చినవాళ్ళందరినీ రీరైట్ రూలు ముందే హెచ్‌టీటీపీఎస్ వైపు పంపేస్తుంది. అంటే నా రిక్వైర్ లైనుకి వంతే రాలేదన్నమాట.

దాన్ని 443 ఫైల్లోకి మార్చాను. అక్కడితో ఆగాల్సింది. ఇక 80తో పనేముందని ఫైర్‌వాల్లో దాన్ని మూసేశాను. పని ఉందని సర్టిఫికెట్ గడువు తీరాక తెలిసింది. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ నాకిచ్చింది 90 రోజులకే. రెన్యువల్ అప్పుడు డొమైన్ మనదేనా అని చూసుకోవడానికి వాళ్ళు తట్టేది, నేను పెట్టుకున్న పద్ధతిలో, పోర్ట్ 80నే. లాగ్ నిండా టైమవుట్లు. షాపులో బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంటే బాబాయికి టెన్షన్. మళ్ళీ 80 తెరిచి, రీడైరెక్ట్ తప్ప ఇంకేం లేకుండా ఉంచి, సర్ట్‌బాట్ డ్రై రన్ (ఉత్తుత్తి రెన్యువల్) సక్సెస్ అయ్యాక గానీ ఊపిరి ఆడలేదు.

అంతా అయ్యాక అడిగాడు, "మరి ఇంటి దగ్గర్నుంచి నేను చూడొద్దా?"

ఇంటి ఐపీ మారిపోతూ ఉంటుంది. అందుకని పాస్‌వర్డ్ కూడా పెట్టాను. 2.4లో రిక్వైర్ లైన్లు రెండు ఊరికే పక్కపక్కన రాస్తే ఏ ఒక్కటి కుదిరినా లోపలికి వదులుతుంది. షాపు ఐపీ గానీ, పాస్‌వర్డ్ గానీ, నాకు కావాల్సిందీ అదే. నేను వాడిన బేసిక్ ఆథ్ పద్ధతి పాస్‌వర్డ్‌ని బేస్64 అనే, తాళం లేని కోడులో చుట్టి పంపుతుందంతే, మామూలు హెచ్‌టీటీపీలో మధ్యలో ఎవరైనా విప్పి చదివేస్తారు. కాబట్టి అది 443లోనే ఉంది.

ఈసారి ముందు నా సెల్ హాట్‌స్పాట్ పెట్టుకుని కర్ల్ అనే కమాండుతో రెండు వైపులా తట్టి చూశాను. 80 దగ్గర 301 (హెచ్‌టీటీపీఎస్‌కి వెళ్ళమని), 443 దగ్గర 401 (పాస్‌వర్డ్ ఇవ్వమని). అప్పుడు చేశాను బాబాయికి ఫోన్.