హేజెల్‌కి పదేళ్లొచ్చాయి

2018 జూలైలో ‘సాగా’ అనే కామిక్ 54వ సంచిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మార్కో చనిపోయాడు. (ఇంకా చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, నిజంగా చెప్తున్నా.) ఇక కత్తి పట్టనని ఒట్టు పెట్టుకుని, పెళ్లాం బిడ్డలతో గ్రహం నుంచి గ్రహానికి పారిపోతూ బతికిన మనిషి. సరిగ్గా అక్కడ ఆపేసి, కనీసం ఏడాది విరామం అన్నారు రచయిత బ్రయాన్ కె. వాన్, బొమ్మలు వేసే ఫియోనా స్టేపుల్స్. ఆ ఏడాది కాస్తా మూడున్నరేళ్లయింది. 55వ సంచిక వచ్చేసరికి 2022 జనవరి.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: ల్యాండ్‌ఫాల్ అనే గ్రహానికీ, దాని చుట్టూ తిరిగే చందమామ రీత్‌కీ తెగని యుద్ధం. అటు రెక్కలున్న అలానా, ఇటు కొమ్ములున్న మార్కో. ప్రేమించి పారిపోయారు. వాళ్ల కూతురు హేజెల్‌కి రెక్కలూ ఉన్నాయి, కొమ్ములూ ఉన్నాయి, అందుకే ఆ పిల్ల పుట్టిందంటేనే రెండు వైపులవాళ్లకీ కంటగింపు. పెద్దయిన హేజెలే ఇదంతా మనకి చెప్తుంది. ఆమె మాటలకి బెలూన్లూ డబ్బాలూ ఉండవు, బొమ్మ మీదే, ఆకాశంలోనో గోడ మీదో ఖాళీ ఉన్నచోట చేతిరాతలో ఉంటాయి. ఆ చేతిరాత ఫియోనాదే. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైంది అదే, ఎవరో మన పక్కన కూర్చుని చెప్తున్నట్టుంటుంది.

తిరిగొస్తోందని తెలిసినప్పుడు సంతోషం కంటే టెన్షనే ఎక్కువైంది. కామిక్స్‌లో చచ్చిపోయినవాళ్లు లేచి రావడం మామూలే కదా, మార్కోని కూడా ఏదో మాయ చేసి తెచ్చేస్తారేమోనని. తేలేదు. కథలో కూడా మూడేళ్లు గడిచిపోయాయి, హేజెల్‌కి పదేళ్లొచ్చాయి, అలానా ఒంటరిగా పిల్లల్ని సాకుతోంది. అంటే మేం ఎదురుచూసినన్నాళ్లూ ఆ పిల్ల అక్కడ తండ్రి లేకుండా పెరుగుతూనే ఉందన్నమాట. అది అర్థమైన పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆ 55వ సంచిక 44 పేజీలు, ధర మాత్రం పాత 2.99 డాలర్లే. మొత్తం 108 సంచికలని ముందే చెప్పారు కాబట్టి 54 దగ్గరికి సరిగ్గా సగం అయినట్టు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక్క మాట. ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఒకేసారి దొరుకుతాయి, అయినా 54 అవగానే 55 తీయకండి. ఒక నెలైనా ఆగండి.